నాలా వేపు అరుగు

జగ్గారావు నా తొమ్మిదంగుళాలు తినీసేడు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను, ఆడి ముందూ అన్నాను. మా రెండిళ్ళకీ మధ్య ఒక సందుంది, మనిషి పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత. నిరుడు ఫిబ్రవరిలో ఆడు ఆ సందు వేపున్న పాత మట్టిగోడ పడగొట్టి ఇటుక గోడ లేపించేడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికే గోడ నడుమెత్తుకి వచ్చీసింది. బట్టలైనా మార్చుకోకుండా సందులో దిగి టేపు పట్టేను. తొమ్మిదంగుళాలు తక్కువ.

టేపు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనిమిదో క్లాసులో బడి మానీసిన దగ్గర్నుంచి ముప్పై నాలుగేళ్ళుగా గోవింద్‌పూర్ వేపు ఒక ఫేబ్రికేషన్ షాపులో మార్కర్ని. ఇనప ప్లేటు వచ్చిందంటే ముందు నా చేతికే రావాలి. సుద్దదారం లాగి, గీత కొట్టి, పంచ్ వేసి నేను పక్కకి తప్పుకున్నాకే కట్టర్ గ్యాసు వెలిగిస్తాడు. నా గీత తప్పిందని ఇంతవరకూ ఒక్కడు అనలేదు. కొత్తగా వచ్చిన హెల్పర్లకి మొదటి రోజే చెప్తాను: "అంచు నుంచి కొలవకండ్రా. అంచు వంగుద్ది, చెక్కుకుపోద్ది, అబద్ధమాడుద్ది. సెంటర్ లైన్ నుంచి కొలవండి. సెంటర్ ఎవడికీ చుట్టం కాదు."

ఆ సాయంత్రం జగ్గారావుతో అన్నాను, "బావా, నీ గోడ మా వేపు జరిగింది."

ఆడు మా అరుగు మీదే కూచుని మా ఇంటి టీయే తాగుతున్నాడు. గ్లాసొక్కటే ఆడిది. మా గ్లాసులు చిన్నవని రోజూ ఇంటి నుంచి పెద్ద స్టీలు గ్లాసు పట్టుకొస్తాడు.

"గోడ జరగలేదు బావా, నీ కళ్ళు జరిగేయి" అన్నాడు బిస్కెట్ ముంచుతూ. "ఏభై దగ్గర పడ్డావు. కళ్ళజోడు మార్పించు."

మా ఆవిడ కుసుమ నవ్వింది. మా అమ్మ కస్తూరమ్మ కూడా పళ్ళు లేని నోరు తెరిచి నవ్వింది. అంతలో ఆడి బిస్కెట్ విరిగి గ్లాసులో పడిపోయింది. అది రోజూ పడుతుంది. రోజూ ఆడు గ్లాసులోకి చూసి "పోనాదర్రా" అంటాడు, ఎవరో మనిషి పోయినట్టు. ఆ మాటకి కూడా నవ్వేరు. నాకు మాత్రం ఆ నవ్వంతా నా తొమ్మిదంగుళాల మీదే అనిపించింది.

అరుగు సంగతి చెప్పాలి. ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సిద్ధగోరాలో, మా బస్తీ నాలా గట్టు మీద ఉంది. మా వరసలో పదకొండు ఇళ్ళు. అన్నింటి ముఖాలూ నాలా వేపే. ఇచ్ఛాపురం నుంచి మా నాన్న, జగ్గారావు నాన్న ఒకే రైల్లో వచ్చి పక్కపక్కన గుడిసెలేసుకుని, తరవాత గోడలు కట్టుకున్నారు. మా నాన్న ఇంటి ముందు అరుగు కట్టేడు. జగ్గారావు నాన్న కట్టలేదు. "పక్కనుంది కదా, మళ్ళీ నాకెందుకు" అన్నాట్ట. అందుకని నలభై ఏళ్ళుగా ఆ ఇంటివాళ్ళు సాయంత్రం అయితే మా అరుగు మీదే. మా నాన్న ఆ అరుగు ఫర్నేసు లోపల కాలి కాలి పనికిరావని తీసేసిన పాత ఇటుకలు కబాడీవాడి దగ్గర కొని కట్టేడు. ఎండ తాగితే ఆ ఇటుకలు వదలవు. జనవరిలో కూడా పొద్దు కుంకేక గంటసేపు వెచ్చగా ఉంటాయి. మా అమ్మ నడుము నొప్పికి ఆ వెచ్చదనమే మందు. పొద్దు పోయేక ఫ్యాక్టరీ వేపు ఇనుము తీసేక మిగిలిన చిట్టెం నిప్పులా ఒంపితే ఆకాశం ఎర్రగా అయిపోతుంది. అమ్మ వీపు ఇటుకలకి ఆనించుకుని, "అదిగో, ఒంపేరు" అంటుంది. ఎనభై ఏళ్ళ మనిషి, రోజూ కొత్తగా అంటుంది.

నాకవేవీ అప్పుడు పట్టలేదు. మార్చి మొదటి వారంలో మా అమ్మాయి సాహిత్యని కూచోబెట్టి దరఖాస్తు రాయించేను. ఇంటర్ చదువుతోంది, హిందీ చేతిరాత బాగుంటుంది. రేషన్ కార్డు దగ్గర్నుంచి కరెంటు మీటరు దాకా మా వరసలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా దాని దగ్గరికే వస్తారు.

కాగితం మీద పెన్ను ఆపి అడిగింది, "పాపా, జగ్గా మామా కే ఖిలాఫ్? సచ్ మే?"

"వ్యతిరేకం లేదు, ఏటీ లేదు. కొలవమంటున్నాం, అంతే. నువ్వు రాయి."

"ఆప్ ఉన్‌సే బాత్ కర్ లో నా."

"మాటాడేను. కళ్ళజోడు మార్చుకోమన్నాడు. రాయి."

రాసింది. నేనొక మాట చివర్లో చేర్పించేను. అది నా తెలివి. మొదట్లో నాలా తవ్వినప్పుడు నడిమధ్య గుర్తుకి ఒక రైలు పట్టా ముక్క పాతేరు. బస్తీ మ్యాపు మొత్తం దాన్నుంచే గీసేరు. నా చిన్నప్పుడు మా నాన్న వేలు పెట్టి చూపించేడు. ఇన్నేళ్ళలో మా గట్టు వాళ్ళమంతా చెత్తా చెదారం, ఇళ్ళు కట్టగా మిగిలిన రాళ్ళూ నాలాలో పోసి పోసి, నీళ్ళు అవతలి ఒడ్డుకి ఒరిగిపోయాయి. ఆ రైలు ముక్క ఇప్పుడు మా గట్టు కింద ఆముదం మొక్కల దగ్గర మట్టిలో ఉంది. అందుకని రాయించేను: "ఆముదం మొక్కల నుంచి ఇళ్ళ వేపు నాలుగడుగుల్లో పాత ఇనప గుర్తు ఉన్నది. దాని నుంచి కొలిస్తే నిజం తెలుస్తుంది." సెంటర్ లైన్ నుంచి కొలిస్తే జగ్గారావు ఎక్కడికి పారిపోతాడు?

సాహిత్య కాగితం నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అరుగు మీదకి రావడం మానీసింది. అంతకు ముందు తల ఆరబెట్టుకుంటూ అక్కడే చదువుకునేది. కుసుమ అడిగితే, "పరీక్ష హై" అంది.

దరఖాస్తు ఇచ్చిన మూడు వారాలకి వరసంతటికీ నోటీసులొచ్చేయి. వానలకి ముందు నాలా వెడల్పు చేస్తారట. నాలా మధ్య నుంచి పదిహేను అడుగుల లోపల ఏది ఉన్నా తీసేయాలట. కొలవడానికి అమీన్, అంటే సర్వేయరు, వస్తాడట. నా దరఖాస్తు వల్ల వచ్చేయో, ఎలాగూ రావలసినవే వచ్చేయో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు.

వరసలో మిగతావాళ్ళు ఒక పూట గోలపెట్టి ఊరుకున్నారు. నీళ్ళు పారుతున్న చోటి మధ్య నుంచి వాళ్ళే తాళ్ళు పట్టుకుని కొలుచుకున్నారు. అందరివీ ఇరవై అడుగుల పైనే తేలేయి. మిఠాయిలు పంచుకున్నంత పని చేసేరు.

నేను మాత్రం ఆ తాళ్ళ దగ్గరికి పోలేదు. నీళ్ళ మధ్య వేరు, నాలా మధ్య వేరు. అసలు మధ్య మా గట్టు కింద ఉందని ఆఫీసుకి చెప్పిన మొనగాణ్ణి నేనే. ఆ రైలు ముక్క నుంచి పదిహేనడుగులంటే గీత ఎక్కడ పడుద్ది? అరుగు పోతుందా, అరుగుతో ఆగుతుందా? మా ముందు గది అమ్మది. ఆ గోడ పోతే గది పోయినట్టే.

జేబులో టేపు ఉంది. ముప్పై నాలుగేళ్ళుగా ఎప్పుడూ ఉంటుంది. తీసి కొలిస్తే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల పని నేను రెండు నెలలు చెయ్యలేదు. అరుగు మీద కూచుని ఆముదం మొక్కల వేపు చూసేవాణ్ణి. పదమూడు ఉంటుందా, పదహారు ఉంటుందా అని కళ్ళతోనే అంచనా వేసేవాణ్ణి. ఒక రోజు పదహారు అనిపించి అన్నం సరిగ్గా తినేవాణ్ణి. మర్నాడు పదమూడే అనిపించేది. షాపులో ప్లేటు మీద గీత కొట్టి, ఎందుకో నమ్మకం లేక మళ్ళీ కొలిచేవాణ్ణి. ఫోర్‌మేన్ చూసి, "క్యా బలరామ్, తబియత్ ఠీక్ హై?" అనడిగేడు. ఒంట్లో బాగుందా అని షాపులో నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

ఒక రోజు సెలవు పెట్టి ఆఫీసుకెళ్ళేను. దరఖాస్తు వెనక్కి తీసుకుంటానన్నాను. అక్కడి గుమస్తా ఫైలు మీంచి తలెత్తకుండా, "చలా గయా" అన్నాడు.

"ఎక్కడికి చలా గయా?"

"ఆగే."

ఫైలు ముందుకెళ్ళిపోయింది. ముందుకెళ్ళిన ఫైలు వెనక్కి రాదని ఆ టేబుల్ దగ్గరున్న అందరికీ తెలుసు, నాకు తప్ప.

ఇంటికొచ్చి కుసుమతో అన్నాను, "అమ్మని కొన్నాళ్ళు కద్మాలో చెల్లెలింట్లో ఉంచుదామా?"

"ఎంచేత?"

"ఏమో. గది గోడ తీసేయమంటే."

"అందరిదీ ఇరవై దాటిందన్నారు కదేటి? మనింటికొక్కటికీ కాళ్ళొచ్చి నాలాలోకి నడిచిందా?" నా మొహం చూసి కుసుమ గరిటె కింద పెట్టింది. "నువ్వేటో దాస్తన్నావు."

"నానేటి దాత్తాను?"

"దాయని మనిషి కొలుచుకునుండేవోడు. పొద్దున్న లేస్తే పచ్చిమిరపకాయ కూడా కొలిచే మనిషివి."

బయట జగ్గారావు గ్లాసు ఇటుకల మీద టంగుమనిపించేడు. టీ అడగడం ఆడికి అలవాటు లేదు, గ్లాసు చప్పుడు చేస్తాడు.

ఆ రెండు నెలలూ ఆడు ఒక్క సాయంత్రం మానలేదు. అదే నాకు పెద్ద శిక్ష. కూచుని, "ఎవడో దరఖాస్తు పెట్టేడంట బావా, మన వరసలోనే" అనేవాడు. "ఎవడై ఉంటాడంటావ్?" అని నా మొహంలోకి చూసేవాడు. నేను నాలాలోకి చూసేవాణ్ణి.

అరుగు పోతుందేమో అని తెలిసేక నాకు ఒక కొత్త రోగం పట్టుకుంది. అక్కడ జరిగే ప్రతిదీ కంట్లో పడ్డం మొదలెట్టింది. అమ్మ మునగాకు దూసేటప్పుడు ఒక్కో రెమ్మ చివర ఒక్క ఆకు వదిలీసి పారేస్తుంది. ఎందుకే అంటే, "అంతా మనమే తినీడమేటి" అంది. కుసుమ టీ పోసేటప్పుడు ముందు జగ్గారావుకి, తరవాత అమ్మకి, ఆఖర్న నాకు పోస్తుంది, అడుగున దిగిన చిక్కటిది నాకు రావాలని. ఇరవై రెండేళ్ళుగా నన్ను ఆఖర్న పెడుతోందని కోపంగా తాగేను ఆ టీ. అరుగుకి కుడి చివర ఇటుక ఒకటి గుంట పడి ఉంటుంది. అది జగ్గారావు గ్లాసు పెట్టి పెట్టి పడిన గుంట. ఆడి నాన్న గ్లాసు కూడా అక్కడే పెట్టేవాడు.

ఇవన్నీ చూసి సంతోషం కలగాలి. నాకు గుబులు కలిగేది. రైలు కదిలేక స్టేషన్లో అన్నీ బాగా కనబడినట్టు.

ఏప్రిల్ ఆఖర్న ఒక మధ్యాహ్నం కాలబైశాఖి వచ్చింది. ఆకాశం ఒక్కసారి నల్లబడి, దుమ్ము లేచి, వరసలో రేకులన్నీ దడదడలాడేయి. ఆ తరవాత వడగళ్ళు. ఉసిరికాయంతేసి పడుతున్నాయి. మేం తలుపులోకి జరుగుతుంటే అమ్మ మాత్రం అరుగు మీంచి కదల్లేదు, టీ గ్లాసు ముందుకి చాపి పట్టింది.

"అమ్మా, తల పగులుద్ది, లోపలికి రా!"

"ఉండ్రా, రెండు పడనీ. ఇచ్ఛాపురం ఒదిలేక ఐసు తినలేదు నాను."

"మొన్న పెళ్ళిలో మూడు కప్పులు తిన్నావు కదే!"

"అది కొన్నది. ఇది ఇచ్చింది."

జగ్గారావు తన ఇంట్లోంచి తల మీద అన్నం పళ్ళెం బోర్లించుకుని పరిగెత్తుకొచ్చేడు. పళ్ళెం మీద వడగళ్ళు టపటపలాడుతుంటే, "అత్తా, బేండు వచ్చింది, లెగు, ఊరేగిద్దాం!" అని అమ్మ తల మీద కూడా పళ్ళెం పట్టి నిలబడ్డాడు. లోపల్నుంచి సాహిత్య వచ్చింది. రెండు నెలల తరవాత అరుగు మీద కాలు పెట్టింది. దోసిట్లో వడగళ్ళు పట్టి కుసుమ మెడ మీద వేసింది. కుసుమ కెవ్వుమని నా చొక్కాలో వేసింది. నేను నవ్వేను. ఎప్పుడు నవ్వేనో నాకే తెలీదు. నా నవ్వు విని అమ్మ ఆశ్చర్యంగా తిరిగి చూసింది, ఇంటికి కొత్త మనిషెవరో వచ్చినట్టు.

వాన వెలిసేక ఇటుకల మీంచి ఆవిరి లేచింది. తడిసిన అరుగు మీద గోనెపట్టా పరుచుకుని కూచున్నాం. నాలా నిండుగా పారుతోంది. జగ్గారావు ఆముదం మొక్కల వేపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు, "ఆ రైలు ముక్క ఎవడికీ తెలీదులే బావా. మీ నాన్న పోయేడు, మా నాన్న పోయేడు. ఇంక నువ్వు, నాను."

సాహిత్య లేచి లోపలికెళ్ళిపోయింది. నా చొక్కాలో వడగల్లు ఇంకా కరుగుతూనే ఉంది.

మే నెలాఖర్న ఒక పొద్దున్న అమీన్ వచ్చేడు. సూర్యప్రకాష్ అని పెద్దమనిషి, గొడుగు, చేతిలో ఫైలు, వెనక గునపంతో ఒకడు, టేపుతో ఒకడు. నీళ్ళ మధ్యకి వెళ్తాడని వరసంతా తాళ్ళు పట్టుకుని గట్టు మీద నిలబడింది. ఆయన నీళ్ళ వేపు చూడనేలేదు. ఫైలు తెరిచి ఒక కాగితం చదువుకుని, ఆముదం మొక్కల దగ్గరికెళ్ళి, ఇళ్ళ వేపు నాలుగడుగులు వేసి, మడమతో నేలని తొక్కి, "యహా ఖోదో" అన్నాడు.

గునపం నాలుగు దెబ్బలకి లోపల్నుంచి ఠంగుమంది.

తాళ్ళు పట్టుకున్నవాళ్ళు వాటిని కిందికి దించీసేరు. జగ్గారావు నా పక్కనే ఉన్నాడు. ఆడి వేపు చూడ్డానికి నాకు మెడ తిరగలేదు.

మొదట మా ఇల్లే. ఒకడు రైలు ముక్క మీద టేపు కొస పెట్టి కూచున్నాడు, రెండోవాడు టేపు లాక్కుంటూ మా అరుగు మీదెక్కి గోడ దగ్గరికొచ్చేడు. టేపు మధ్యలో వేలాడుతోంది. వేలాడే టేపు ఎక్కువ చూపిస్తుంది. అలా ఉంటే నాకే మంచిది, ఒక అంగుళమో రెండో గోడ దూరంగా తేలుతుంది. నాకది తెలుసు. తెలిసి కూడా నా నోరు ఊరుకోలేదు.

"ఝూల్ రహా హై" అన్నాను. "టేపు అలా పడతారేటి? ఇటియ్యి."

ఆడి చేతిలోంచి టేపు తీసుకుని, మోకాళ్ళ మీద కూచుని, బిగలాగి, గోడ అడుగుకి ఆనించేను. అమీన్ వంగి చూసేడు.

"పంద్రా. బరాబర్."

సరిగ్గా పదిహేను. గోడ బతికింది. దారంత కూడా ఇటూ అటూ లేదు. మా నాన్న ఆ రైలు ముక్క నుంచి కొలుచుకునే ఇల్లు కట్టేడని అప్పుడు తెలిసింది. ఇల్లు హద్దులో కట్టి, కూచోడానికి మాత్రం హద్దు దాటేడు.

"కమరా బచ్ గయా" అన్నాడు అమీన్, ఎర్ర రంగు డబ్బా తీస్తూ. "చబూత్రా జాయేగా."

గది మిగిలింది, అరుగు పోతుంది.

అదే వేడిలో నేను అడిగేను, "సాబ్, ఈ సందు గోడ కూడా చూడండి." ఆయన చూసేడు. మ్యాపు తిప్పేడు, రెండుసార్లు కొలిచేడు. జగ్గారావు గోడ ఆడి హద్దులోనే ఉంది. నేను ఎక్కడ్నుంచి కొలిచేనో చూపించమన్నాడు. సందులో నేల మీద సన్నటి గాడి చూపించేను. మా పెంకుటింటి చూరునీళ్ళు పడి పడి పడిన గాడి. చూరునీళ్ళు ఎక్కడ పడితే అక్కడి దాకా మనది అని మా నాన్నలిద్దరూ మాటనుకున్నారు. నేను పుట్టినప్పట్నుంచీ అదే హద్దు.

అమీన్ నవ్వలేదు, పాపం. "భాయి, పానీ కా క్యా భరోసా" అన్నాడు. నీళ్ళనేం నమ్ముతాం. చూరు ఒక అంచు. ఊరందరికీ అంచు నుంచి కొలవొద్దని చెప్పే మనిషిని, నా ఇంటికొచ్చేసరికి అంచు నుంచే కొలిచేను.

సాయంత్రం జగ్గారావు రాడనుకున్నాను. నాలుగింటికి గ్లాసు పట్టుకుని వచ్చేడు. అరుగు మీద ఎర్రగీత మీదే కూచున్నాడు. కుసుమ టీ పోసింది. బిస్కెట్ ముంచేడు. ఆ రోజు విరగలేదు. తినీసి, చెయ్యి దులుపుకుని అన్నాడు:

"పిల్ల చేతిరాత ముత్యాల్లాగుంది బావా. ఆఫీసులో బాబు కూడా మెచ్చుకున్నాడు."

కుసుమ చేతిలో గిన్నె ఆగింది. నేను అడిగేను, "ఎప్పుడు చూసేవు?"

"మార్చిలోనే. నా పనొకటుండి ఎల్తే టేబుల్ మీదుంది."

"మార్చిలోనే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి అడగవేటి? వచ్చి నా కాలరు పట్టుకోవేటి?"

ఆడు గ్లాసు ఆ గుంటలో పెట్టేడు. "పట్టుకుంటే? మరి టీ ఎక్కడ తాగను?"

తలుపు వెనకాల సాహిత్య ఏడుస్తోంది. జగ్గారావు అటు తిరగకుండానే, "ఒసే గుంటా, నా పెన్షన్ కాగితం ఒకటి రాయాలి, రేపు రా" అన్నాడు. అంతే, ఆ సంగతి మా మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. వరసలో ఏడిళ్ళకి మెట్లు పోయేయి, ఒకడి పాన్ డబ్బా పోయింది. వాళ్ళు ఇప్పటికీ దరఖాస్తు పెట్టినవాణ్ణి తిడుతుంటారు. జగ్గారావు కూడా వాళ్ళతో కలిసి తిడతాడు, ఇంకా గట్టిగా.

ఆఫీసువాళ్ళ మిషను వచ్చి కొడితే గోడ కూడా అదురుతుంది, మనమే తీసుకుంటే మంచిదని వరసలోవాళ్ళు అన్నారు. ఆదివారం పొద్దున్నే నేను గోడకీ అరుగుకీ మధ్య సుద్దదారంతో గీత కొట్టేను. జగ్గారావు ఉలీ సుత్తీ తెచ్చేడు. నేను అటు చివర, ఆడు ఇటు చివర. మా నాన్న ప్రతి ఇటుకా నీళ్ళలో నానబెట్టి పెట్టేడని అమ్మ లోపల కుర్చీలో కూచుని చెప్తూనే ఉంది. ఒక్కటి విరగలేదు. నిజానికి విరుగుతాయేమోనని మేమే మెల్లగా కొట్టేం. గుంట పడ్డ ఇటుక జగ్గారావు తీసి పక్కన పెట్టేడు, తరవాత చూస్తే అది లేదు. ఆడింట్లో ఉందని కుసుమ చెప్పింది.

మిగతావి ఎక్కడ పెట్టాలో తెలీక సందులో పేర్చేం, ఆడి గోడని ఆనించి. ఆ ఇటుక పొడవు తొమ్మిదంగుళాలు.

వానలు మొదలైనప్పట్నుంచి నాలా వెడల్పుగా పారుతోంది. ఒక్క ఇంట్లోకి నీళ్ళు రాలేదు, ఆ మాట కూడా చెప్పాలి. నాలుగింటికి జగ్గారావు గ్లాసుతో వచ్చేవాడు. గుమ్మం ముందు నిలబడి తాగేవాడు. నిలబడి తాగే టీ ఎంతసేపు తాగుతాడు మనిషి? లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసేం. కుర్చీలో కూచుంటే టీవీ ఎదురుగా ఉంటుంది. అందరం టీవీ వేపు చూసి తాగుతాం, బిస్కెట్ పడినా ఎవరూ చూడరు. ఇప్పుడు వారానికి రెండు సార్లొస్తే ఎక్కువ. పొద్దు పోయేక అమ్మ మంచం మీంచి, "ఒంపేరేట్రా?" అని అడుగుతుంది. గదిలోంచి ఆకాశం కనబడదు. ఎవరో ఒకరం బయటికెళ్ళి చూసి వచ్చి చెప్పాలి. సాహిత్య వెళ్తుంది. "హా మామ్మా, లాల్ హై" అని చెప్తుంది. ఒక్కోసారి ఎర్రగా లేకపోయినా ఉందనే చెప్తుంది, నాకు తెలుసు.

జగ్గారావు మీద నా కోపం పోలేదు. తొమ్మిదంగుళాల గురించి కాదు, అవి ఆడికే ఇచ్చీసేను. మార్చిలో ఆ టేబుల్ మీద కాగితం చూసినవాడు, ఆ సాయంత్రమే వచ్చి నన్ను నాలుగు తన్ని ఉండాల్సింది. ఫైలు ఇంకా ముందుకెళ్ళలేదప్పుడు. ఆడు టీ తాగి ఊరుకున్నాడు. అది నేను క్షమించను.

కూల్చే ముందు ఆ ఆదివారం పొద్దున్న, జగ్గారావు రాకముందే, జేబులోంచి టేపు తీసి అరుగు ఒక్కసారి కొలిచేను. పొడవు ఎనిమిది అడుగులు. వెడల్పు రెండడుగుల మూడంగుళాలు. మొత్తం పద్దెనిమిది చదరపు అడుగులు.